బరంపురం–ఇచ్ఛాపురం రోజూ తిరగాలంటే: రైలా, బస్సా, బండా?

మా ఇంట్లో వీధి తలుపు పక్కన గోడకి ఒక మేకు ఉంది, దానికి బండి తాళం వేలాడుతూ ఉండేది. పొద్దున్న చెప్పులు వేసుకుంటుండగానే చెయ్యి దానంతట అదే పైకి పోయేది. ఎనిమిదేళ్లు నేను ఒడిశాలో ఉన్న బరంపురం నుంచి ఆంధ్రలో ఉన్న ఇచ్ఛాపురం అలాగే వెళ్లాను. ఎవరైనా అడిగితే మాత్రం "అన్నీ బేరీజు వేసుకునే బండి మీద తిరుగుతున్నానండీ" అని గొప్పగా చెప్పేవాణ్ణి. బేరీజూ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఉద్యోగంలో చేరిన మొదటి నెల ఎవరో "రైలుని నమ్ముకుంటే ఉద్యోగం ఊడుతుంది" అన్నారు, బండి కొన్నాను, ఆ తర్వాత మళ్లీ ఆలోచించిందే లేదు.

ఈమధ్య మా అన్నయ్య కొడుక్కి కూడా ఇచ్ఛాపురంలో ఉద్యోగం దొరికింది. "చిన్నాన్నా, ఈఎంఐ మీద బండి తీసుకోమంటావా, రైలు పాస్ చాలంటావా?" అని ఫోన్ చేశాడు. టక్కున "బండి తీసుకోరా" అనబోయి ఆగాను, ఎందుకంటే అప్పటికి నేనే రోజూ బండి మీద వెళ్లడం మానేసి ఏడాది దాటింది. ఎందుకు మానేశానో ఫోన్లో చెప్పాలంటే వాడి బ్యాలెన్సూ నా ఓపికా రెండూ చాలవు. అందుకే రాస్తున్నా. సరిహద్దులో గిరిసోల చెక్‌పోస్టు దాటి అటూ ఇటూ రోజూ తిరిగేవాళ్లు, ఇంట్లో తెలుగు వీధిలో ఒడియా మాట్లాడే మాలాంటివాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి వాడొక్కడికే కాకుండా ఇంకెవరికైనా పనికొస్తుందేమో చూడండి.

ముందు అలవాటు సంగతి

రోజువారీ ప్రయాణాల్లో జనం దేన్ని ఎందుకు ఎంచుకుంటారన్న దానిమీద యాభై ఏళ్ల పైనుంచే పరిశోధన జరుగుతోంది. అందులో నాకు బాగా గుచ్చుకున్న విషయం, అసలు మనం రోజూ ఎంచుకోనే ఎంచుకోమన్నది. నెదర్లాండ్స్‌లో బాస్ వెర్‌ప్లాంకెన్, హెంక్ ఆర్ట్స్ 1990లలో చేసిన పనిలో తేలిందేమిటంటే, ఒక వాహనం అలవాటు గట్టిపడ్డవాళ్లు మిగతా దారుల గురించి సమాచారం వెతకడమే తగ్గించేస్తారు. రోజూ స్టేషన్ రోడ్డు మీదుగానే బండి మీద వెళ్తూ, పొద్దున్న ఇచ్ఛాపురంలో ఆగే రైలు ఎన్నింటికో తెలియకుండా ఎనిమిదేళ్లు గడిపినవాణ్ణి, నేను కాదంటే ఎవరు నమ్ముతారు.

అలవాటు దానంతట అది కదలదు, ఎవరో ఒకరు కదపాలి. 2014 ఫిబ్రవరిలో లండన్‌లో భూగర్భ రైళ్ల సిబ్బంది రెండు రోజులు సమ్మె చేస్తే కొన్ని స్టేషన్లు మూతపడ్డాయి, జనం చచ్చినట్టు వేరే దారులు వెతుక్కున్నారు. సమ్మె అయిపోయాక ప్రయాణ కార్డుల లెక్కలు తీసి చూస్తే సుమారు 5 శాతం మంది పాత దారికి తిరిగి రాలేదట. ఏళ్ల తరబడి రోజూ వెళ్లే దారి, చేతిలో మ్యాపు, ఫోను, అన్నీ ఉన్న ఊరు, అయినా తమకి అంతకన్నా మంచి దారి ఉందని సమ్మె వచ్చేదాకా వాళ్లకి తెలియలేదు.

నా సమ్మె మెకానిక్ షెడ్డులో జరిగింది. ఇంజిన్ పని అని బండి ఇచ్చాను, అతను "రేపు రండి" అన్నాడు, ఆ రేపు పదకొండు రోజులకి వచ్చింది. ఈలోపు ఏం చేస్తాం, తిట్టుకుంటూ రైలెక్కాను. మొదటి రోజు టికెట్ కౌంటర్ దగ్గర నిలబడి, రైలు ఎక్కి, దిగి, నేను పనిచేసే దుకాణం దాకా నడిచి వాచీ చూసుకుంటే నేననుకున్న దానికి అరగంట ముందే చేరాను. ఏదో పొరపాటు జరిగిందనుకున్నా. రెండో రోజూ అదే పొరపాటు జరిగింది!

నాకు జరిగిందే జపాన్‌లో చాలామందికి జరిగింది. 1998లో ఒసాకా దగ్గర ఒక ఎక్స్‌ప్రెస్ రహదారిని ఎనిమిది రోజులు మూసేస్తే, సతోషి ఫుజీ, ఆయన సహచరులు ఆ దారిన కార్లలో వెళ్లేవాళ్లని అడిగి చూశారు. రైలుకో బస్సుకో ఎంత టైము పడుతుందన్నది వాళ్లు ఉన్నదానికన్నా ఎక్కువగా ఊహించుకుంటున్నారు, ఎక్కి చూశాకే ఆ ఊహ సరయింది. తర్వాత క్యోటోలో ఇలాగే కారు అలవాటున్న విద్యార్థులకి ఒక నెల ఉచిత బస్సు పాస్ ఇచ్చి చూశారు, పాస్ గడువు అయిపోయాక కూడా వాళ్లు అంతకుముందుకన్నా ఎక్కువగా బస్సెక్కారు.

కాబట్టి మా వాడికి నా మొదటి సలహా ఇదే. ఏదీ కొనకు. మొదటి నెలలో ఒక వారం రైలు, ఒక వారం బస్సు, ఒక వారం ఎవరిదైనా బండి అడిగి తీసుకెళ్లి తిరిగి చూడు. ఒక్కరోజు చూసి తీర్పు చెప్పొద్దు, ఆరోజు రైలు లేటైతే జన్మలో రైలు ముఖం చూడవు. కొత్త ఉద్యోగమో కొత్త ఇల్లో వచ్చినప్పుడు పాత అలవాటు కాస్త వదులవుతుంది, వెర్‌ప్లాంకెన్ తర్వాత చేసిన ఒక అధ్యయనంలో ఇల్లు మారినవాళ్లకి ఈ వదులు సుమారు మూడు నెలలు ఉంటుందని తేలింది. నువ్వు ఇప్పుడు ఆ మూడు నెలల్లో ఉన్నావు. ఈఎంఐ మొదలైతే అదీ పోతుంది, ఎందుకంటే నెలనెలా కట్టే బండిని ఇంట్లో పెట్టి రైలెక్కడానికి ఎవరికీ మనసొప్పదు.

టైము ఎలా లెక్కపెట్టాలి

"ఎంతసేపు పడుతుంది?" అంటే బండివాళ్లు రోడ్డు మీద ఉన్న టైము చెప్తారు, రైలు గురించి మాత్రం ఇంటి దగ్గర్నుంచి లెక్కపెడతారు. నేనూ అంతే. ఈ మోసం పోవాలంటే రెండింటికీ చెప్పులు వేసుకున్న క్షణం నుంచి కుర్చీలో కూర్చున్న క్షణం దాకా రాయాలి.

ఇక్కడ డేనియల్ మెక్‌ఫాడెన్ గురించి చెప్పాలి. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో బార్ట్ అనే కొత్త రైలు వ్యవస్థ 1972లో మొదలైంది. రోజూ పనికెళ్లేవాళ్లలో ఎంతమంది దాన్లో ఎక్కుతారన్నదానికి అధికారులు వేసిన అంచనా 15 శాతం. మెక్‌ఫాడెన్ బృందం జనాన్ని కూర్చోబెట్టి ఎంత నడుస్తారు, ఎంతసేపు ఎదురుచూస్తారు, ఎంతసేపు కూర్చుంటారు, ఎంత ఖర్చవుతుంది అని విడివిడిగా అడిగి, ఒక్కోదానికి ఒక్కో బరువు కట్టి, 6.3 శాతమే ఎక్కుతారని చెప్పింది. చివరికి ఎక్కింది 6.2 శాతం. ఆయనకి 2000లో జేమ్స్ హెక్‌మన్‌తో కలిపి అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది, ఇలా ఎంపికల్ని లెక్కగట్టే పద్ధతికే.

విడివిడిగా రాయడం, బరువు కట్టడం, మనకి కావలసింది ఈ రెండే. నేను దుకాణంలో లెక్కలు రాసేవాణ్ణి కాబట్టి పాత చిట్టా పుస్తకంలో నాలుగు గళ్లు గీసుకున్నాను. ఒక నెల సగటు చూస్తే రైలుకి సైకిలు మీద స్టేషన్ దాకా 12 నిమిషాలు, ప్లాట్‌ఫారం మీద 14, రైల్లో 25, ఇచ్ఛాపురంలో నడక 15. మొత్తం 66. అంతకుముందు నన్నడిగితే గంటన్నర అనేవాణ్ణి. బండికి మొత్తం 55, నేను చెప్పుకునేది ముప్పావుగంట. పదకొండు నిమిషాల తేడా, అంతే.

కానీ నిమిషాలన్నీ ఒకటి కాదు. ఎదురుచూసే నిమిషం, కూర్చుని కదిలే నిమిషానికి సుమారు రెండింతల బరువుంటుందని దేశదేశాల్లో చేసిన అధ్యయనాల్లో మళ్లీ మళ్లీ తేలింది. ఆ లెక్కన నా 14 నిమిషాల ప్లాట్‌ఫారం 28 అవుతుంది, రైలు 80కి పోతుంది. ఇది దాచి రైలుని పొగిడితే మోసమే. అయితే ఆ బరువుని తగ్గించుకోవచ్చు. రైలు ఎక్కడుందో తెలిస్తే ఎదురుచూపు చిన్నదైపోతుంది, సియాటిల్‌లో బస్సు ఎప్పుడొస్తుందో ఫోన్లో చూసుకునేవాళ్లు తాము ఎదురుచూసినట్టు అనిపించిన టైమే తక్కువ చెప్పారు. మనకి "వేర్ ఈజ్ మై ట్రైన్" యాప్ ఉంది, బెంగళూరు కుర్రాళ్లు చేసింది, 2018లో గూగుల్ కొనేసింది. రైలు వెనక స్టేషన్ దాటిందని అందులో చూశాకే నేను సైకిలు బయటికి తీస్తాను. 14 కాస్తా ఇప్పుడు 7, 8కి దిగింది.

ఇంకో వైపు కూడా చూడాలి. రైల్లో ఆ 25 నిమిషాలు నావి. కిటికీ దొరికితే కునుకు, దొరక్కపోతే నిలబడి పేపరు. బండి మీద 55 నిమిషాలూ లారీలవే. కాలిఫోర్నియాలో పాట్రీషియా మొఖ్తారియన్, ఆమె సహచరులు "మీకు ఆఫీసు ఎంత దూరంలో ఉంటే బాగుంటుంది" అని అడిగితే సున్నా అన్నవాళ్లు చాలా తక్కువమంది, సగటున సుమారు 16 నిమిషాలన్నారు. ఇల్లూ ఆఫీసూ ఒకదాన్నొకటి తగలకుండా మధ్యలో కాస్త ఖాళీ కావాలన్నమాట. మా యజమాని అరిచిన రోజు ఆ ఖాళీ విలువ నాకు తెలుస్తుంది.

ఇక లేటు సంగతి. నా చిట్టాలో ఆ నెల ఇరవై నాలుగు పనిరోజుల్లో మూడు రోజులు రైలు అరగంట పైన లేటైంది. మీ దుకాణంలో పావుగంట ఆలస్యానికి సగం రోజు జీతం కోసేస్తారంటే ఆ మూడు రోజులే మీకు ముఖ్యం, మిగతా ఇరవై ఒకటీ ఎవరూ లెక్కపెట్టరు. అలాంటివాళ్లు ఒక రైలు ముందుది పట్టుకోండి, లేదా బస్సు చూసుకోండి. మాకు పదిన్నర లోపు వస్తే ఎవరూ ఏమనరు, అందుకే నాకు కుదిరింది. సాయంత్రం మాత్రం నేను రైలు అని పట్టుబట్టను, స్టేషన్‌కి వెళ్లేముందు ఫోన్ చూస్తాను, రైలు దగ్గర్లో లేకపోతే హైవే మీదకి నడిచి ఏ బస్సొస్తే అది ఎక్కేస్తాను.

హైవే మీద స్పీడు గురించి ఒక ముక్క. "ఎనభైలో కొడితే ఎంతసేపు బాబాయ్" అని కుర్రాళ్లంటారు. లెక్క చూడండి. 25 కిలోమీటర్లు 40లో వెళ్తే ముప్పై ఏడున్నర నిమిషాలు, 60లో వెళ్తే 25, 80లో వెళ్తే 19. మొదటి ఇరవై పెంచితే పన్నెండున్నర నిమిషాలు మిగిలాయి, రెండో ఇరవైకి ఆరే. స్వీడన్‌లో ఓలా స్వెన్సన్ దశాబ్దాలుగా ఇదే చెప్తున్నాడు, ఇప్పటికే వేగంగా ఉన్నప్పుడు ఇంకా పెంచితే మిగిలే టైముని మనం ఎక్కువగా ఊహించుకుంటాం, నెమ్మదిగా ఉన్నచోట కాస్త పెంచితే మిగిలేదాన్ని తక్కువగా. అసలు టైము పోయేది బరంపురం టౌన్లో. స్కూళ్ల టైముకి పావుగంట ముందు లంజిపల్లి దాటేస్తే హైవే మీద ప్రాణాలు పణంగా పెట్టి సంపాదించే ఆరు నిమిషాలకన్నా ఎక్కువే మిగులుతుంది.

డబ్బు

ఇది తొందరగా తేల్చేస్తా. రోజుకి 50 కిలోమీటర్లు, నెలకి పాతిక రోజులు, లీటరుకి యాభై ఇచ్చే బండైతే నెలకి 25 లీటర్లు. లీటరు వంద వేసుకున్నా రెండున్నర వేలు. (పెట్రోలు ఒడిశా వైపే పోయించుకోండి, ఇది ఇచ్ఛాపురం వాళ్లకి మనం చెప్పాల్సిన పని లేదు, బంకు దగ్గర ఆంధ్ర నంబరు బళ్లు చూస్తే తెలుస్తుంది.) ఇంతవరకే అందరూ లెక్కేస్తారు. నా బండి కొన్నప్పుడు దగ్గర దగ్గర తొంభై వేలు, ఎనిమిదేళ్ల తర్వాత ఇరవై రెండు వేలకి పోయింది. అరవై ఎనిమిది వేలు తొంభై ఆరు నెలలకి పంచితే నెలకి ఏడొందలు కనబడకుండా కరిగిపోయాయి. టైర్లు, చైను, ఆయిలు, ఇన్సూరెన్సు ఇంకో అయిదారొందలు. జర్మనీలో కార్లున్నవాళ్లని కారు ఖర్చెంతని అడిగితే అసలు ఖర్చులో సుమారు సగమే చెప్పారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం. లెక్కలు రాసే నేనే ఎనిమిదేళ్లు సగమే చెప్పాను, ఇంక వాళ్లని ఏమంటాం.

రైలు సీజన్ టికెట్‌కి నెలకి అయ్యేది రెండు మూడు రోజుల పెట్రోలు డబ్బులే. 150 కిలోమీటర్ల దాకా ఇస్తారు. రిజర్వేషన్ బోగీలెక్కితే మాత్రం ఫైన్ వేస్తారు, సూపర్‌ఫాస్ట్ అయితే అదనపు ఛార్జీ సంగతి కౌంటర్లో ముందే అడగండి. బస్సు ఈ రెండింటి మధ్యలో ఉంటుంది.

అమ్మ భయం

మా అమ్మకి రైలంటే భయం. ఆమెని ఏమీ అనలేం. 2023 జూన్ 2న బాలాసోర్ జిల్లా బహనగా బజార్ దగ్గర కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదంలో 290 మందికి పైగా పోయారు. కోరమండల్ మన లైన్లో నడిచే రైలు. ఆ రాత్రి మా వీధిలో ఎవరూ టీవీ కట్టలేదు, మద్రాసు వైపు పనికెళ్లే పిల్లలున్న ఇళ్లు ఎన్నో ఇక్కడ. అదే ఏడాది అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర పలాస వెళ్లే పాసింజర్‌ని వెనకనుంచి రాయగడ పాసింజర్ గుద్దింది, 14 మంది పోయారు. "నువ్వు బండి మీద వెళ్తున్నావు కాబట్టి సరిపోయింది బాబూ" అంది అమ్మ. నేను కూడా నిజమే అనుకున్నాను.

గెర్డ్ గిగరెంజర్ అనే జర్మన్ మనస్తత్వవేత్త రాసింది చదివాక ఆ మాట వేరేగా వినబడింది. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అమెరికాలో చాలామంది విమానం మానేసి కార్లలో దూర ప్రయాణాలు చేశారు. ఆ తర్వాత ఏడాదిలో అలా రోడ్ల మీద అదనంగా చనిపోయినవాళ్లు 1,500 పైనే ఉంటారని ఆయన అంచనా. ఆరోజు నాలుగు విమానాల్లో ఉండి చనిపోయినవాళ్లకన్నా ఇది ఎన్నో రెట్లు. ఒక్కసారి ఒకేచోట చాలామంది పోతే మనకి గుండె ఆగుతుంది, రోజుకొకరు ఇద్దరు చొప్పున పోతే పేపర్లో జిల్లా పేజీ మూల వార్త. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది, అందులో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్లేవాళ్లే. ఇందులో ఏ రోజూ మా వీధి టీవీలు రాత్రంతా మోగలేదు.

అయినా లెక్కలతో అమ్మ భయం పోదు, పోయిందని అబద్ధం చెప్పను. నాకు పోయింది మాత్రం ఒక వానాకాలం సాయంత్రం. గొళంతరా దాటాక వెనకనుంచి వచ్చిన లారీ ఒక్కసారిగా నీళ్లు కొట్టింది, హెల్మెట్ అద్దం మీద ఎర్రమట్టి, ముందు ఏమీ కనబడలేదు, రెండు మూడు సెకన్లు గుడ్డిగా పోయాను. అద్దం పైకెత్తేసరికి బండి తెల్లగీత దాటి మట్టి మీద ఉంది. కాళ్లు వణికి కాసేపు అక్కడే కూర్చున్నాను. ఇంట్లో చెప్పలేదు. బండే కావాలంటే హెల్మెట్ పెట్టుకో, పోయే ప్రాణాల్లో నూటికి నలభై దాకా అది నిలబెడుతుందని అధ్యయనాలున్నాయి, ట్యాంకు మీద పెట్టుకుని గిరిసోల దగ్గర పోలీసుల్ని చూసి తలకెక్కించేవాళ్లకి మాత్రం ఆ లెక్క వర్తించదు.

బస్సు ఎప్పుడు

బస్సుని నేను తక్కువ చేయను. స్టేషన్‌కి దూరంగా, హల్దియాపదర్ బస్టాండు వైపు ఇల్లు ఉన్నవాళ్లకి, ఇచ్ఛాపురంలో హైవే పక్కనే పనున్నవాళ్లకి బస్సే దగ్గర. అసలు నడక తక్కువ ఏ వైపుంటే అటే మొగ్గండి.

బస్సు ఎంచుకునేటప్పుడు జరిగే తికమక ఒకటుంది. "ఒడిశా ప్రైవేటు బస్సు, ఆంధ్ర ఆర్టీసీ బస్సు, రైలు, బండి" అని నాలుగు రాసుకుని నాలుగింటినీ సమానంగా తూకం వేస్తారు. పరిశోధకులు దీనికి ఎర్రబస్సు నీలంబస్సు అని ఒక లెక్క చెప్తారు. సగం మంది కారులో, సగం మంది ఎర్రబస్సులో వెళ్తున్న ఊళ్లో, అదే దారిలో అదే టైముకి నీలంరంగు బస్సు వేశారనుకోండి, మూడింటికీ మూడో వంతు చొప్పున పంచుకుంటారా? రంగు చూసి కారు దిగేవాడెవడు? కారు వాళ్లు కారులోనే ఉంటారు, బస్సు వాళ్లే రెండుగా చీలతారు. కాబట్టి ముందు రైలా రోడ్డా తేల్చుకోండి, రోడ్డయితే సొంత బండా బస్సా, చివర్లో ఏ బస్సన్నది స్టాండులో ఏది ముందు కదిలితే అది. కండక్టర్ "ఇచ్ఛాపుర్, ఇచ్ఛాపుర్, సీట్ ఖాళీ" అని అరిచాడు కదాని ఎక్కి కూర్చోకండి. నిండేదాకా కదలదు, ఆ టైము ఎదురుచూపు కిందే లెక్క.

ఆడవాళ్లకి ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో ఉచిత ప్రయాణం వచ్చింది, బరంపురం ఆడవాళ్లు ఆశగా అడుగుతున్నారు. అది ఆంధ్ర చిరునామా ఉన్న కార్డు వాళ్లకి. మన ఒడిశా ఆధార్‌కి వర్తించదు, పుట్టిల్లు కవిటి అయినా సోంపేట అయినా అంతే. షేర్ ఆటోల్లో ముక్కలు ముక్కలుగా మారుతూ వెళ్లడం మాత్రం వేరే దారి లేనప్పుడే, మారిన ప్రతిచోటా మళ్లీ ఎదురుచూపు.

ఇంట్లో ఒకే బండి ఉంటే

ఇది మా ఇంట్లో తేలడానికి చాలా రోజులు పట్టింది, అసలు ఈ ప్రశ్న ఎవరూ అడగరు కూడా. దూరం ఎక్కువ వెళ్లేవాడికే బండి అని మనకి మనమే తీర్మానించేసుకుంటాం. నేను పాతిక కిలోమీటర్లు పోతాను, మా ఆవిడ మూడు కిలోమీటర్ల లోపే తిరుగుతుంది, కాబట్టి బండి నాది. బండి షెడ్డు నుంచి వచ్చాక నేను కొన్నాళ్లు రైలే కొనసాగిస్తుంటే, ఒకరోజు ఆమె "ఏవండీ, ఆ చిట్టాలో నాకూ ఒక పేజీ ఇవ్వండి" అంది. సరదాకి అనుకున్నాను. వారం తర్వాత చూస్తే పాపని స్కూల్లో దింపడం, అక్కణ్నుంచి గేట్ బజార్లో కూరలు, అమ్మకి బీపీ మాత్రలు, తనకి బ్లౌజులు కుట్టడానికి ఇచ్చే ఇంటికి వెళ్లి కొలతలు, మళ్లీ స్కూలు. ఒక్కరోజులో ఆరేడు చోట్లు, ఒక్కోచోటికి రిక్షా, ఆటో, కొంత నడక. ఎదురుచూపులన్నీ కూడితే నా ప్లాట్‌ఫారం దానిముందు ఎంత.

ప్రయాణాల మీద చేసిన సర్వేల్లో ఇది ఎప్పటినుంచో కనబడుతున్నదే. మగవాళ్లు ఎక్కువగా ఇంటికీ పనికీ మధ్య తిన్నగా పోయివస్తారు, ఆడవాళ్లు దారిలో రెండు మూడు పనులు గొలుసుకట్టుగా అల్లుకుంటారు. గొలుసుకి రైలు పనికిరాదు, బండి కావాలి. తిన్నని దారికి రైలు సరిపోతుంది. దూరం కొలవడం మానేసి రోజులో ఎన్నిచోట్ల ఆగుతారో లెక్కపెడితే మా ఇంట్లో తీర్పు తిరగబడింది. గేరు బండి అమ్మి స్కూటీ తీసుకున్నాం. తాళం ఇప్పుడు మేకుకి లేదు, ఆమె పర్సులో ఉంటుంది. మొదటి పదిహేను రోజులు చెప్పులు వేసుకుంటూ నా చెయ్యి ఉత్త మేకుని తడిమేది, చూసి పాప నవ్వేది.

మా వాడికి పెళ్లి కాలేదు, వాడికి గొలుసు లేదు. స్టేషన్‌కి సైకిలు దూరంలో ఉన్నాడు, వాళ్ల ఆఫీసులో పదింటికి సంతకం. వాడికి రైలు పాస్, సాయంత్రం రైలు కుదరకపోతే బస్సు. ఆఫీసు పని మీద ఇచ్ఛాపురం చుట్టుపక్కల పల్లెలు తిరగాల్సిన ఉద్యోగమని తేలితే అప్పుడు బండి, అదీ సెకండ్ హ్యాండ్‌ది, ఇచ్ఛాపురంలోనే పెట్టుకుని.

విశాఖ వెళ్లాలంటే

అప్పుడప్పుడూ వచ్చే ప్రశ్న కాబట్టి రెండు మాటలు. సుమారు 275 కిలోమీటర్లు. ఒక్కరో ఇద్దరో అయితే రైలే, 2024 నుంచి వందే భారత్ కూడా ఉంది, ఇంటర్‌సిటీ ఉంది, ధర చూసుకుని ఎక్కండి. నలుగురైతే లెక్క మారుతుంది, టికెట్ తలకొకటి పెరుగుతుంది, కారు అద్దె తలకింతని తగ్గుతుంది. ఆస్పత్రికి రోగిని తీసుకెళ్లేటప్పుడు మాత్రం టికెట్ ధర పక్కన పెట్టి మెట్లు లెక్కపెట్టండి. ఓవర్ బ్రిడ్జి ఎక్కలేని మనిషికి ఎంత మంచి రైలైనా పనికిరాదు. మా అత్తగారిని మోకాలి నొప్పితో రైల్లో తీసుకెళ్లాం, ఐదు గంటల రైలు బాగానే గడిచింది, ఆ వంతెన మెట్ల సంగతి ఆమె ఇప్పటికీ చెప్తుంది. రెండోసారి కారే. డాక్టరు ఎప్పుడు చూస్తాడో తెలియని చోటికి తిరుగు టికెట్ ముందే కొనకండి.

అసలు ఇల్లే మారిపోతే?

ఇదీ ఒక ఆప్షనే, చాలామంది లిస్టులో రాయరు. యాకోవ్ జహావి 1970లలో రకరకాల ఊళ్ల లెక్కలు చూసి మనుషులు రోజుకి ప్రయాణానికి సగటున ఇంచుమించు గంటే పెడతారని చెప్పాడు, మేం ఇక్కడ రెండు గంటలు పైనే పెడుతున్నాం. స్విట్జర్లాండ్‌కి చెందిన బ్రూనో ఫ్రే, అలోయిస్ స్టుట్జర్ జర్మనీ సర్వేలు చూసి ఇంకో మాటన్నారు, దూరం నుంచి రోజూ తిరిగేవాళ్లకి ఆ కష్టానికి తగ్గ జీతమో మంచి ఇల్లో దక్కి సరిపోవాలి కదా, సరిపోవట్లేదు, వాళ్ల తృప్తి తక్కువే ఉంది. ఇచ్ఛాపురంలో అద్దెలు కూడా మాకన్నా తక్కువే. కాగితం మీద చూస్తే మారడమే లాభం.

కానీ ఆ కాగితం మీద పాప స్కూలు లేదు, ఒడియా మీడియం నుంచి తెలుగు మీడియానికో ఇంగ్లీషుకో మార్చడం లేదు, మా ఆవిడ బ్లౌజుల గిరాకీ లేదు. వాటికి నిమిషాల్లో బరువు కట్టడం నా చిట్టాకి చేతకాలేదు. ఒకసారి ధైర్యం చేసి భోజనాల దగ్గర మాటెత్తాను. అందరూ కాసేపు ఊరుకున్నారు. అమ్మ మజ్జిగ పోసుకుంటూ, "రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర వస్తుంది, అమ్మవారు మన వీధిలోకొచ్చే టైముకి మనం ఇచ్ఛాపురంలో ఏటి చేస్తాం?" అంది. వచ్చే యాత్ర అయ్యేదాకా ఇల్లు మారే మాట వాయిదా. నెల పాస్ మాత్రం మొన్ననే కొత్తది తీసుకున్నాను.